ఇరుసు కందెన, టర్బో ఇంజన్ ఆయిల్

సంక్రాంతికి రెండు రోజుల ముందు నుంచీ రావులపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి కొత్తపేట వైపు తిరిగే కార్ల వరస మొదలవుతుంది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరి, విజయవాడ మీదుగా 400 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఆగకుండా పరుగెత్తి వచ్చిన బళ్లు అవి. రహదారి దిగగానే వాటి నడక మారిపోతుంది. కాలవ పక్కన సన్నని రోడ్డు, ముందు అరటిగెలల వ్యాను, పక్కన ఆటో. ప్రభల తీర్థం నాడైతే ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా, జనం మధ్య అడుగులో అడుగు వేస్తూ కదలాలి. పొద్దున వేగం, సాయంత్రం ఉక్క. రెండూ ఒకే రోజు మోసేది ఇంజన్‌లోని నాలుగైదు లీటర్ల ఆయిలే. ఆ బళ్లలో టర్బో పెట్రోలువి ఏటేటా పెరుగుతున్నాయి. వాటికి ఏ ఆయిల్ పోయాలన్నది ఇప్పుడు మన ఊళ్లలోనూ గట్టిగా ఆలోచించాల్సిన ప్రశ్న.

మా వైపు షెడ్లలో తరచు వినపడే సలహా ఒకటుంది. “పవరున్న ఇంజనండీ, కాస్త చిక్కటి ఆయిలే పోయిద్దాం” అంటారు. ఆ మాట వెనకున్న అనుభవాన్ని నేను తక్కువ చేయను. ట్రాక్టర్లు, పాత డీజిల్ జీపులు, లారీలు ఏళ్ల తరబడి బాగుచేసిన చేతుల నుంచి వచ్చిన మాట అది. బోరు అరిగి ఆయిల్ తాగుతున్న ఇంజనుకి చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గడం వాళ్లు కళ్లారా చూశారు. అయితే అరిగిన ఇంజనుకి పనికొచ్చిన వైద్యం, సన్నని సందులతో కట్టిన కొత్త ఇంజనుకి హాని చేస్తుంది. ఎందుకన్నది ఎడ్లబండి ఇరుసు దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ఇరుసుకి పెట్టే కందెనను ఆముదంలో గడ్డిమసి కలిపి చేసేవారు. చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, మీద బరువు ఎక్కువ, ఇరుసు చుట్టూ సందు వదులు. అక్కడ నూనె జారిపోకుండా అంటిపెట్టుకుని ఉండటమే కావాలి. ఆముదానికి ఆ గుణం పుట్టుకతో వచ్చింది. దాని అణువులో ఉన్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంట లోహాన్ని పట్టుకుని వదలదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో పోసిందీ ఆముదమే. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న ‘క్యాస్టర్’ అన్న మాట నుంచి పుట్టిందే. కానీ ఎక్కువసేపు వేడెక్కితే ఆముదం జిగురుగా మారి పిస్టన్ రింగులను పట్టేస్తుంది. రోజూ వాడే ఇంజన్లు దాన్ని వదులుకోక తప్పలేదు.

వేగంగా తిరిగే ఇరుసు సంగతి పూర్తిగా వేరని 1883లో బీచంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చేసిన ప్రయోగాల్లో బయటపడింది. నూనె పోయడానికి ఆయన బేరింగు పైభాగాన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే అందులోంచి నూనె పైకి తన్నుకొచ్చింది. బిరడా బిగిస్తే ఊడి వచ్చింది, చెక్క మేకు కొడితే అదీ ఊడింది. ఇరుసు తన తిరుగుడుతోనే నూనెను సందులోకి లాక్కుని, ఆ నూనె ఒత్తిడి మీద తానే తేలుతోందన్నమాట. మూడేళ్ల తర్వాత ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం కట్టాడు. జోరువానలో వేగంగా పోయే కారు టైరు కింద నీటిపొర చేరి, బండి రోడ్డు మీద పట్టు తప్పి తేలిపోవడం కూడా ఇదే సూత్రం. టైరుకి అది ప్రమాదం, బేరింగుకి అదే ప్రాణం.

ఆ పొర మందం మూడింటి మీద ఆధారపడుతుంది: నూనె చిక్కదనం, తిరిగే వేగం, మీదున్న బరువు. వేగం పెరిగేకొద్దీ తక్కువ చిక్కదనంతోనే పొర నిలుస్తుంది. కారు ఇంజన్ బేరింగులో సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. అంత సన్నని సందులో మరీ చిక్కటి నూనె తనలో తానే రాపిడి పడి వేడెక్కుతుంది, తక్కువగా పారుతుంది, తక్కువ వేడిని మోసుకుపోతుంది. రాపిడి తగ్గించడంతోపాటు పిస్టన్ల వేడినీ బేరింగుల వేడినీ బయటికి తెచ్చేది కూడా ఇంజన్ ఆయిలేనని మనం తరచు మరిచిపోతాం. పైగా నేటి ఇంజన్లలో వాల్వులు తెరుచుకునే వేళను మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. దాని దారులు చాలా సన్నం.

బీఎండబ్ల్యూ చరిత్రే ఇందుకు మంచి ఉదాహరణ. టర్బో లేకుండా నిమిషానికి 8,000 చుట్ల దాకా తిరిగిన ఒకనాటి ఎం3 బళ్లకు ఆ కంపెనీ 10డబ్ల్యూ-60 అనే బాగా చిక్కటి ఆయిల్ వాడమంది. తర్వాత టర్బోతో ఇంకా ఎక్కువ శక్తినిచ్చే ఎం ఇంజన్లు తెచ్చినప్పుడు 30 గ్రేడు ఆయిళ్లకు దిగింది. శక్తి పెరిగింది, చిక్కదనం తగ్గింది. సందులు, ఆయిల్ పంపు, బేరింగు లోహం అన్నిటినీ కలిపి లెక్కగట్టి చెప్పిన అంకె అది. కారుతో ఇచ్చిన పుస్తకంలోని అంకె కంపెనీవాళ్ల ఇష్టాయిష్టాల మాట కాదని నేను నొక్కి చెప్పేది ఇందుకే.

ఇప్పుడు డబ్బా మీది అంకెలు చూద్దాం. 5డబ్ల్యూ-40లో ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు. 5డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకి దిగువన 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూని సున్నాకి దిగువన 15 దగ్గర. కొత్తపేటలో ఏనాడూ రాని చలి అది. మరి ఆ అంకె మనకెందుకు? ధనుర్మాసపు తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం కోనసీమలో చూడనివారుండరు. దానికి 24 డిగ్రీల ప్రాంతానికి దిగితే చాలు. ఇంజన్ ఆయిల్ అలా గడ్డకట్టదు గానీ, చల్లబడేకొద్దీ చిక్కబడుతూ పోతుంది. 40 డిగ్రీల దగ్గర మామూలు 20డబ్ల్యూ-50 చిక్కదనం, దాని కొలమానంలో చెప్పాలంటే, సుమారు 160 సెంటిస్టోక్స్. 5డబ్ల్యూ-40ది దాదాపు అందులో సగం. 0డబ్ల్యూ-20ది పావు వంతు. మన పొద్దుటి వేళ 25 డిగ్రీలున్నా ఇంజనుకి అది చల్లదనమే. తాళం తిప్పాక టర్బో బేరింగు దాకా ఆయిల్ చేరే ఆ కొద్ది క్షణాల్లో లోహం లోహాన్ని తాకుతుంది. కశ్మీరులో ఉన్నంత అవసరం మనకు లేదు, నిజమే. అలాగని పట్టించుకోనక్కరలేదనుకోవడం పొరపాటు.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. 30 గ్రేడంటే 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. ఆముదం ఆ వేడి దగ్గర ఇంచుమించు 50 గ్రేడుకి సరిపోతుంది! శక్తిమంతమైన కారు ఉన్నవారు అక్కడితో ఆగకూడదు. బేరింగు లోపల ఆయిల్ 150 డిగ్రీలు చేరవచ్చు. పైగా అక్కడ పొరలు ఒకదాని మీద ఒకటి భయంకరమైన వేగంతో కోసుకుపోతుంటాయి. ఆ స్థితిలో మిగిలే చిక్కదనాన్ని కొలిచే పరీక్షను హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. మామూలు 30 గ్రేడుకి అది 2.9 మిల్లీపాస్కల్-సెకన్లు ఉంటే చాలు. ఐరోపా తయారీదారుల ఏసీఈఏ ఏ3/బీ4 తరగతికి మాత్రం 3.5కి తగ్గకూడదు. అంటే ‘5డబ్ల్యూ-30’ అని రాసున్న రెండు డబ్బాలు పక్కపక్కనే పెట్టినా లోపలి సరుకు ఒకటి కాదు. మందపాటి పొర కోరే ఇంజనుకి పలుచటి రకం పోస్తే, గ్రేడు సరిగ్గానే ఉండీ బేరింగు అరుగుతుంది. కనుక అంకెతో పాటు వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి. పోర్షే ఏ40, మెర్సిడెస్ 229.5, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 వంటి ఆమోదాలు ఉండేది అక్కడే. డబ్బా ముందువైపు మెరిసే బొమ్మల కన్నా ఆ వరసకే నేను విలువిస్తాను.

చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లకు మరో బెడద ఉంది. కోనసీమలో ఎత్తంటే వంతెనో, ఏటిగట్టో. పై గేరులోనే ఉండి, ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి వంతెన ఎక్కిస్తే, స్పార్కు పడకముందే పెట్రోలు అంటుకుని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొట్టవచ్చు. సిలిండరు గోడ నుంచి రేగిన ఆయిల్ తుంపర్లు దీనికి నిప్పురవ్వలవుతాయి. ఆయిల్‌ను శుభ్రంగా ఉంచేందుకు కలిపే కాల్షియం లవణాలు ఎక్కువైతే ఈ బాధ పెరుగుతుందని, కొంత మెగ్నీషియానికి మారిస్తే తగ్గుతుందని తేలింది. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2020లో తెచ్చిన ఎస్‌పీ తరగతి ఆయిళ్లు ఈ ముప్పును కొలిచే పరీక్షకు నిలవాలి. పాత నిల్వలో చవగ్గా దొరికే ఎస్‌ఎం, ఎస్‌ఎల్ డబ్బాలు ఈ ఇంజన్లకు వద్దు.

ఇక టర్బో. దాని ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది, ఒక కొస ఎర్రగా కాలే పొగగాలిలో ఉంటుంది. రహదారి మీద పరుగెత్తిన బండిని డాబా ముందు ఆపి వెంటనే తాళం తీసేస్తే, పారడం ఆగిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఆవిరై పోకుండా, మాడకుండా నిలిచే గుణం మూలనూనెను బట్టి వస్తుంది. 250 డిగ్రీల్లో గంటసేపు ఉంచితే ఎస్‌పీ తరగతి ఆయిల్ బరువులో 15 శాతానికి మించి ఆవిరి కాకూడదు, ఏ3/బీ4 అయితే 13 శాతానికి మించకూడదు. ‘సింథటిక్’ అన్న ఒక్క మాట దీనికి పూచీ ఇవ్వదు. ముడిచమురునే తీవ్రంగా శుద్ధి చేసిన నూనెకూ ఆ పేరుంది, రసాయనికంగా కట్టిన పీఏఓ (పాలీ ఆల్ఫా ఒలెఫిన్) నూనెకూ ఉంది. సహజవాయువు నుంచి చేసినదీ ఉంది. ఖతర్‌లోని రాస్ లఫాన్ కర్మాగారంలో మీథేన్‌ను ముక్కలు చేసి, మళ్లీ పొడుగాటి అణువులుగా అల్లి, మూలనూనె తీస్తున్నారు. గల్ఫుకి వలసపోయిన మనవాళ్ల కుటుంబాలు కోనసీమలో ఊరూరా ఉన్నాయి, కోనసీమ నేల కింద గ్యాసూ ఉంది. తాటిపాకలోని ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ మాత్రం నాఫ్తా, కిరోసిన్, డీజిల్ దాకానే. ఇక్కడి గ్యాసు నుంచి కూడా ఎప్పటికైనా ఇంత మేలైన నూనె తీయగలమా అన్న ఆలోచన నన్ను వదలదు.

పండగకి వచ్చి ఇక్కడే పది రోజులుండే బండికి, ఏడాది పొడవునా బజారుకీ బడికీ తిరిగే బండికి ముప్పు మరో వైపు నుంచి వస్తుంది. రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడులో ఆయిల్ సరిగా వేడెక్కదు. కాలని పెట్రోలు, నీటి ఆవిరి అందులో కలిసిపోతాయి. గోదావరి పాయల మధ్య గాలిలో తేమకు కొదవలేదు. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడలాంటి తెట్టు కనపడితే, అది నీళ్లు చేరిన గుర్తు. ముందు కూలెంట్ మట్టం తగ్గిందేమో చూసుకోవాలి. తగ్గకపోతే బండిని రావులపాలెం మీదుగా రహదారెక్కించి అరగంట నడిపితే ఆ నీరు ఆవిరైపోతుంది. ఇలా తిరిగే బండికి కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టరు మార్చాలి. ఆయిల్ నల్లబడిందని మాత్రం కంగారు పడనక్కరలేదు. మసిని తనలో కలుపుకుని మోయడం దాని పనే.

కొలత చూసేటప్పుడు బండి సమమైన నేల మీద ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలు గడవాలి. పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి తీస్తే తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ మీద ఇరుసు తేలదు.