పాపాయికేం తెలుసో... చూపే చెబుతుంది!

మాటలు రావు. అడిగితే తలూపరు. మరి పాలుతాగే పసివాడి బుర్రలో ఏం జరుగుతోందో తెలుసుకునేదెలా? శాస్త్రవేత్తలు పట్టిన కిటుకు చాలా చిన్నది. బుజ్జాయి ఎటు చూస్తోంది, ఎంతసేపు చూస్తోంది... అంతే, అదే లెక్క!

అప్పుడే పుట్టిన బిడ్డకు ఆకారాలేవీ తెలియవని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకాన్ని మార్చింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఫాంట్జ్. బిడ్డను పడుకోబెట్టి, పైన బొమ్మ పెట్టి, చిన్న రంధ్రంలోంచి గమనించేవారాయన. కంటిపాప మీద ఆ బొమ్మ నీడ కనిపించినంతసేపూ బిడ్డ దాన్ని చూస్తున్నట్టే. అయిదు రోజులైనా నిండని పిల్లలు కూడా ఉత్త రంగు బిళ్లలకన్నా ముఖంలాంటి బొమ్మల్నే ఎక్కువసేపు చూశారని 1963లో ప్రకటించారు.

విసుగూ ఓ కొలతే!

ఒకే బొమ్మను పదేపదే చూపిస్తే పిల్లలకు విసుగొస్తుంది, చూపు తిప్పేస్తారు. అప్పుడు కొత్త బొమ్మ పెడితే మళ్లీ కళ్లప్పగిస్తారు. అంటే... పాతది గుర్తుంది, తేడా తెలిసింది అన్నమాట.

'తాత'కీ 'టాటా'కీ తేడా మనకు ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన పెద్దలకు అది కష్టం. మరి వాళ్ల పిల్లలకో? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో దీన్ని పరీక్షించారు. వరసగా వినిపించే హిందీ అక్షరం మారగానే తల తిప్పితే, పెట్టెలోని బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లిష్ పిల్లల్లో ఎక్కువమంది త, టల తేడా పట్టేశారు. ఏడాది నిండేసరికి చాలామందిలో ఆ నేర్పు పోయింది. హిందీ వింటూ పెరిగిన పిల్లల్లో మాత్రం నిలిచింది. చెవి చుట్టూ వినిపించే భాషకు అలవాటు పడుతుందన్నమాట!

ఆచితూచి...

ఈ పరీక్షలు అంత తేలికేం కాదు. మధ్యలో ఒకరు ఏడుస్తారు, ఇంకొకరు నిద్రపోతారు. అమ్మ తెలియకుండానే సైగ చేయొచ్చు. అందుకే ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తారు. పైగా ఎక్కువసేపు చూశారంటే అది ఇష్టమా, ఆశ్చర్యమా? దానిమీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితం కాలేదు. ఒకవైపు గీతలు, మరోవైపు ఖాళీగా ఉన్న కార్డులతో డాక్టర్లు పసివాళ్ల చూపు పరీక్షిస్తారు. ఎంత సన్నని గీతల దాకా చూపు అటే వెళ్తుందో అదే కొలత. శబ్దం వచ్చినవైపు తల తిప్పితే బొమ్మ వెలిగే పద్ధతితో వినికిడినీ తెలుసుకుంటారు. లోపం తొందరగా బయటపడితే బిడ్డకు మాటలు నేర్పే అవకాశాలు అంతగా మెరుగవుతాయి. నోరు విప్పలేని బిడ్డ ఇబ్బందిని ఆ చిన్ని చూపే ముందుగా చెప్పేస్తుంది!