గోదావరి డెల్టా భూగర్భజలాల్లో నైట్రేట్: నేల స్వభావం, సాగు పద్ధతి

యూరియా ఎక్కువగా చల్లిన చోటే భూగర్భజలంలో నైట్రేట్ ఎక్కువగా ఉంటుందని భావించడం సహజం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువ నీటితో వరి విస్తారంగా పండుతున్న గోదావరి డెల్టాకు ఈ సూత్రం నేరుగా వర్తించదు.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. నేలలో అది మొదట అమ్మోనియంగా మారి బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉంటుంది. గాలి ఆడే నేలలో సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది నత్రీకరణం. ఋణావేశం గల నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు. నీటితోపాటు అది కిందికి దిగిపోతుంది. నీరు నిలిచిన వరిచేనిలో పరిస్థితి వేరు. అక్కడ మట్టి పైపొరకు మాత్రమే, అదీ కొద్ది మిల్లీమీటర్ల మేరకే, ప్రాణవాయువు అందుతుంది. ఆ పొరలో ఏర్పడిన నైట్రేట్ కిందికి చేరగానే, ప్రాణవాయువు లేని చోట బతికే సూక్ష్మజీవులు దానిని చాలావరకు నత్రజని వాయువుగా మార్చి వదిలివేస్తాయి. ఈ వినత్రీకరణం వల్ల రైతు కొన్న ఎరువులో కొంత గాలిపాలవుతుంది. బావి నీటికి మాత్రం అదే రక్ష.

లంకల ఇసుక ఒండ్రులోని అరటి, కూరగాయల తోటలకు, కోనసీమ తీరపు ఇసుక నేలలకు, పూర్వపు పశ్చిమ గోదావరి మెట్టలోని తేలిక నేలలకు ఈ రక్ష తక్కువ. ఎరువే ఏకైక మూలమూ కాదు. పశువుల పాక, పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంతల పక్కనున్న బావిలోకి నైట్రేట్ వాటి నుండే చేరవచ్చు. మురుగు జాడను క్లోరైడ్‌తో పసిగట్టడం ఇతర చోట్ల పరిపాటి. ఉప్పునీరు కలిసిన డెల్టా బావుల్లో ఆ సూచిక తప్పుదారి పట్టిస్తుంది. నత్రజని, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తులు ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తాయి.

తాగునీటిలో నైట్రేట్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, సడలింపు లేదు. నత్రజని లెక్కలో ఇది సుమారు 10. ఏ లెక్కలో ఇచ్చారో చూడకుండా రెండు అధ్యయనాల అంకెలను పోల్చడం పొరపాటు. పరిమితి మించిన నీటితో పాలు కలిపి పట్టిన పసికందుల్లో రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుందని 1945లో అమెరికా వైద్యుడు కోమ్లీ గుర్తించాడు. నీటిని కాచినా నైట్రేట్ పోదు. ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది.

ఇప్పుడు నీటి పొదుపు కోసం వరిచేలను మధ్యలో ఆరబెట్టే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. దాని ప్రయోజనం కాదనలేనిది. కానీ ఆరిన నేలలో నైట్రేట్ పోగవుతుంది. మళ్ళీ నీరు పెట్టినప్పుడు కొంత వాయువుగా పోయినా, కొంత నెర్రెల గుండా లోతుకు జారవచ్చు. కాబట్టి ఆ చేల పక్కనున్న బావుల నీటిని ఏడాదికొకసారి కాక, వేసవిలో కాలువలు కట్టినప్పుడు ఒకసారి, తొలి తడి తరువాత కొన్ని వారాలకు మరొకసారి పరీక్షించాలి.