సర్వరు కంప్యూటరులో బఫరు పొంగుట

2017వ సంవత్సరము మే 12వ తేదీన ‘వాన్నాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము విజృంభించి, 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టుకొన్నది. వానిలోని ఫైళ్ళను రహస్యలిపిలోనికి మార్చి, తిరిగి ఇచ్చుటకు 300 డాలర్లు కోరినది. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దీని వాత పడినట్లు ఆనాటి పత్రికలు వ్రాసినవి. (2022లో బాపట్ల జిల్లా ఏర్పడువరకు మా చుండూరు గుంటూరు జిల్లాలోనిదే.) ఎవరును ఏ ఉత్తరమును తెరువకుండగనే ఈ పురుగు ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు ఎట్లు ప్రాకినది?

అడిగినవారికి సమాచారమందించు ప్రోగ్రామును సర్వరు అందురు. బయటినుండి వచ్చిన సమాచారమును అది మెమొరీలో ముందుగా కేటాయించిన కొంత చోట వ్రాసికొనును. ఆ చోటే బఫరు. మా ఊరి వరిమళ్ళను తలచుకొనుడు. బోదెనుండి మడికి నీరు పెట్టి మరచినచో, అది గట్టు పొర్లి పక్కమడిలో పడును. అట్లే, వచ్చినది ఎంతయో కొలువక బఫరులోనికి వ్రాసికొనుచు పోయినచో, మిగిలినది పక్కనున్న మెమొరీలోని విషయమును చెరిపివేయును. అయితే ఈ పోలిక ఇంతవరకే. పొర్లిన నీరు నీరుగానే ఉండును. పొర్లిన అంకెలు ఆజ్ఞలు కావచ్చును. బఫరు సమీపమున ‘ఈ పని ముగిసిన పిదప ఎచ్చటికి పోవలెను’ అని తెలుపు చిరునామా ఉండుట కద్దు. దానిపై శత్రువు తనకు కావలసిన చిరునామాను వ్రాయగలిగెనా, ఇక యంత్రము అతని మాటయే వినును.

ఇది క్రొత్త సంగతి కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన పురుగు ‘ఫింగర్’ సర్వరులోని 512 బైట్ల బఫరునకు 536 బైట్లు పంపి లోనికి చొచ్చినది. అచట కొలుచుట అనునదే లేదు. ‘సి’ భాషలోని ‘గెట్స్’ అను ప్రమేయమునకు బఫరు పరిమాణము చెప్పుటకు వీలే లేదు. దానిని ఆ భాషా ప్రమాణమునుండి 2011లో గాని తొలగింపలేదు. ఇంత ఆలస్యమేల అని అడుగవలసినదే.

వాన్నాక్రై విషయము ఇంకను సూక్ష్మము. విండోస్‌లో ఫైళ్ళు పంచుకొనుటకు ‘ఎస్.ఎం.బి.’ అను సర్వరు గలదు. అందు కొలత ఉన్నది. కాని కొలతయే తప్పినది. వచ్చిన పట్టికలో సరియైన భాగము ఎంతవరకో చూచి, పరిమాణమును ఆ మేరకు తగ్గించి వ్రాయవలెను. ఆ సంఖ్య 32 బిట్లది. ప్రోగ్రాము మాత్రము క్రింది 16 బిట్లనే తిరిగి వ్రాసెను. మనకు అలవాటైన దశాంశ పద్ధతిలో చూడుడు: 1000ని 963గా దిద్దవలసినవాడు చివరి మూడు స్థానములలో 963 వ్రాసి, ముందున్న 1ని తుడువక విడిచినచో 1963 అగును గదా! తగ్గవలసినది ఇంచుమించు రెట్టింపైనది. దాడి చేయు ప్రోగ్రాము పంపిన పట్టికలో 65,536 అను సంఖ్య 65,373కు తగ్గుటకు మారుగా 1,30,909 అయ్యెను. మొదటి రెండింటిని కలిపి చూచినచో విద్యార్థులకు కారణము తెలియును. చోటు కేటాయించినది చిన్న లెక్కన, నకలు వ్రాసినది పెద్ద లెక్కన. గట్టు పొర్లినది.

ఈ లోపమును వాడుకొను సాధనము అమెరికా జాతీయ భద్రతా సంస్థనుండి దొంగిలింపబడినదేనని మైక్రోసాఫ్టు తెలిపినది. అది 2017 ఏప్రిల్ 14న బయటపడినది. సవరణ అంతకు నెల ముందే, మార్చి 14న విడుదలైనది. అనగా పురుగు బయలుదేరుటకు 59 దినములు ముందు. దానిని వేసికొనిన యంత్రములలోనికి ఈ దారిన పురుగు ప్రవేశింపలేదు.