కమలినికి పుట్టిల్లు ఉంది

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయింది. చదువుకున్న గోపాలరావు రాత్రిళ్లు సానివాళ్ల పాటకు పోయి పొద్దుపోయాక ఇంటికి వస్తుంటాడు. ఓ రాత్రి వచ్చి చూస్తే భార్య కమలిని లేదు. పుట్టింటికి పోతున్నట్టు ఉత్తరం ఉంది. అతనికి ముచ్చెమటలు పడతాయి. ఆమె మంచం కిందే దాక్కుందని ఆఖర్న తెలుస్తుంది.

ఈ కథను స్త్రీ విద్య గెలుపుగా చదవడం మనకు అలవాటు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న ముఖ్యం. ఆ ఉత్తరం ఎందుకు పనిచేసింది?

అమెరికన్ సమాజశాస్త్రవేత్త విల్లార్డ్ వాలర్ 1938లో ఒక సూత్రం చెప్పాడు. ఇద్దరి బంధంలో ఎవరికి ఆసక్తి తక్కువో వారిదే పైచేయి. అంతదాకా ఆ తక్కువ ఆసక్తి గోపాలరావుది. ఇంట్లో భార్య ఎలాగూ ఉంటుందన్న ధీమాతోనే అతను బయట తిరిగాడు. ‘ఉండకపోవచ్చు’ అని ఉత్తరం చెప్పగానే తక్కెడ కమలిని వైపు మొగ్గింది.

అతను ఆ మాట నమ్మాడంటే ఆమెకు వెళ్లే చోటు ఉంది కాబట్టే. కాపురం చెడితే ఎవరికి ఏ ఆధారం మిగులుతుందన్న దాన్నిబట్టే ఇంట్లో ఎవరి మాటకెంత బలమో తేలుతుందంటారు ఆర్థికవేత్త బీనా అగర్వాల్. 1994లో వచ్చిన ఆమె పుస్తకమంతా ఆడవాళ్ల చేతిలో భూమి లేకపోవడం గురించే. చలం ‘మైదానం’ (1927)లో రాజేశ్వరికి ఆ ఆధారం కూడా లేదు. వకీలు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లింది, వెనక్కి దారి మూసుకుపోయింది. అందుకే అమీర్ మనసు మరో అమ్మాయి మీదికి మళ్లినా ఆమె అతణ్ణి వదిలి పోలేదు. అది ప్రేమే, కాదనను. కానీ పోవడానికి చోటులేని ప్రేమ.

హైదరాబాద్ శివారు నాదర్‌గుల్ లాంటి ఊళ్లో ఈ ప్రశ్న పుస్తకాలు దాటి వస్తుంది. పక్కన ఆదిబట్లలో టీసీఎస్, ఆ దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు. జొన్న పండిన చెలకలు గజాల లెక్కన అమ్ముడుపోతున్నాయి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది దక్కలేదు. ఆ అడ్డు 2005 కేంద్ర సవరణతోగానీ పోలేదు.

చట్టం ఒక దారి చూపితే, అలవాటు ఇంకో దారిన నడుస్తుంది. భూమి అమ్మేటప్పుడు అక్కాచెల్లెళ్లను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పిలుస్తారు. పసుపు కుంకుమ కింద చీర, కొంత డబ్బు చేతిలో పెట్టి సంతకం తీసుకుంటారు. వాళ్లేమీ అమాయకులు కారు. ఎకరం ధర వాళ్లకూ తెలుసు. వాటా అడిగితే అన్నదమ్ములు మాట మానేస్తారు, పండుగకు పిలుపు రాదు. రేపు అత్తింట్లో ఏదైనా అయితే ఏ గడప తొక్కాలి? అందుకే చాలామంది భూమి వదులుకుని పుట్టింటిని నిలుపుకుంటారు. అగర్వాల్ కూడా ఇదే బేరం చూశారు.

దాన్ని త్యాగమనడం నాకు ఇష్టం లేదు. కాపురంలో తన మాట చెల్లడానికి ఆ ఆడపిల్ల ముందుగానే కట్టిన మూల్యం అది. కమలిని ఒక్క ఉత్తరంతో పని జరుపుకుంది. ఈమె అదే బలం కోసం తన వాటా పొలం రాసిచ్చింది. ఆ పుట్టిల్లు కూడా రేపు అన్న పేరు మీదే ఉంటుంది.