దెబ్బ ఏ పూస దగ్గర?

వెన్నుపాము పొడవు మూరెడు, అంటే 45 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. మందం చిటికెనవేలంత. అందులోంచి 31 జతల నరాలు బయటికొస్తాయి. దెబ్బ ఎంత ఎత్తున తగిలిందన్నదాన్నిబట్టే ఏది నిలుస్తుందో, ఏది పోతుందో తేలుతుంది. అందుకే రిపోర్టులో ఉండే సీ5, టీ10, ఎల్1 గుర్తుల్ని ఇంటివాళ్లు కూడా చదవడం నేర్చుకోవాలి.

సీ అంటే మెడ. అక్కడ 7 పూసలు. ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కు నరం 3, 4, 5 స్థాయిల నుంచే వెళ్తుంది. 3కు పైన వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే వెంటిలేటర్ తప్పదు. సీ5 పనిచేస్తే మోచెయ్యి మడవగలరు. చాపాలంటే మాత్రం సీ7 కావాలి. రెండు స్థాయిలే తేడా. కానీ చెయ్యి చాపి బలంగా ఊనగలిగితేనే మంచం మీంచి వీల్‌చైర్‌లోకి తనంతట తాను జరగడం తేలికవుతుంది. టీ అంటే ఛాతీ వెనక, 12 పూసలు. అక్కడైతే చాలావరకు చేతులు దక్కుతాయి, కాళ్లు చచ్చుబడతాయి. ఎల్ అంటే నడుము. వెన్నుపాము అక్కడి 1, 2 పూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కిందంతా నరాల కట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో ఈ గాయంతో బతుకుతున్నవారు 1.54 కోట్ల మంది. ఎక్కువగా కింద పడటం, రోడ్డు ప్రమాదాలే కారణం. మన దగ్గర తాటిచెట్టును మరిచిపోకూడదు. మోకు జారి పడిన గీత కార్మికుడి పిరుదులు నేలకు తగిలితే, టీ12, ఎల్1 కలిసేచోట పూస నలుగుతుంది. పైన పక్కటెముకల దన్ను ఉంటుంది, కింద ఉండదు. ఆ మలుపులోనే దెబ్బ. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో 'కాటమయ్య రక్ష' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇలాంటి ప్రమాదాల గురించే. చెట్టు కింద గుమిగూడినవాళ్లు చంకలు, కాళ్లు పట్టి ఆటోలో కుదేస్తే మిగిలిన నరాలూ నలగొచ్చు. 108 వచ్చేదాకా మెడ, నడుము కదలనివ్వకపోవడమే సాయం.

కాళ్లు పోయాయన్నది అందరికీ కనబడుతుంది. మూత్రం, మలం అదుపు తప్పడం, స్పర్శ లేని చర్మం పుండు పడటం ఇంటికొచ్చాకే తెలుస్తాయి. ప్రాణాల మీదికి తెచ్చేవాటిలో అవీ ఉంటాయి. మంచంలో 2 గంటలకోసారి ఒత్తిగిలించాలి. వీల్‌చైర్‌లో 15 నుంచి 30 నిమిషాలకోసారి పిరుదుల మీద బరువు తప్పించాలి. మూత్రం దానంతటదే రాకపోతే 4 నుంచి 6 గంటలకోసారి కాథెటర్ పెట్టి తీయాలి. మూత్రాశయంలో 500 మిల్లీలీటర్లు మించి నిలవకూడదు. రాత్రి అలారం పెట్టుకుని లేచేది సాధారణంగా భార్యో, తల్లో. ఆ శ్రమ ఏ బిల్లులోనూ కనిపించదు.

ఇంకో అంకె గుర్తుంచుకోవాలి: టీ6. దెబ్బ అక్కడగానీ ఆ పైనగానీ ఉంటే, మూత్రం గొట్టం మెలికపడినా బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమట. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, గొట్టం చూసుకోవాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఇలాంటివారి మామూలు పై బీపీ 90 దగ్గరే ఉండొచ్చు. 130 చూసి కొత్త డాక్టరు ఫర్వాలేదనుకోవచ్చు. ఆయనకు ఆ 90 సంగతి ఇంటివాళ్లే చెప్పాలి.