లాగడం కాదు... ఆపడమే అసలు పని!

2017 ఆగస్టు చివరి వారం. అమెరికాలోని టెక్సస్ తీరాన్ని తాకిన హార్వే తుపాను ముందుకు కదలకుండా అక్కడే తిష్ఠ వేసింది. హ్యూస్టన్ చుట్టుపక్కల రోజుల తరబడి ఒకటే వాన. నెదర్లాండ్ అనే ఊళ్లో అయితే ఏకంగా 60 అంగుళాలు దాటింది! మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే కేటీ, షుగర్‌ల్యాండ్ ప్రాంతాల్లోనూ ఎన్నో వీధులు కాలువలైపోయాయి.

సరిగ్గా అప్పుడే పక్క రాష్ట్రమైన లూసియానా నుంచి ఇంటర్‌స్టేట్-10 రహదారి మీద పికప్ ట్రక్కులు బారులు తీరాయి. ఒక్కోదాని వెనక ఒక్కో పడవ. వచ్చినవాళ్లు సైనికులు కాదు, ప్రభుత్వోద్యోగులూ కాదు. సెలవు రోజున చేపలు పట్టుకునే మామూలు మనుషులు. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడూ, 2016లో బేటన్ రూజ్‌ను వరద చుట్టుముట్టినప్పుడూ ఇలాగే సొంత పడవలతో సాయానికి దిగారు. జనం వాళ్లకు పెట్టిన పేరు 'కేజన్ నేవీ'.

మేడమీద చిక్కుకున్నవాళ్లను దించింది పడవే. కానీ ఆ పడవను అక్కడిదాకా చేర్చింది ట్రక్కు. లూసియానాలోని లాఫయెట్ నుంచి హ్యూస్టన్‌కు దాదాపు 350 కిలోమీటర్లు. దారిలో ఒక బేరింగు కాలిపోయినా చాలు, పడవ రోడ్డు పక్కనే ఉండిపోతుంది. అందుకే ట్రక్కును సిద్ధం చేయాల్సింది వరద వచ్చిన రోజున కాదు, తీరికగా ఉన్న ఆదివారం నాడు.

ప్రకటనలో ఒకటి... పలకమీద ఒకటి!

పికప్ కొన్నవాళ్లు గొప్పగా చెప్పుకునే మొదటి సంగతి- అది ఎంత బరువు లాగుతుందనేది. అయితే ప్రకటనల్లో కనిపించే అంకె ఆ మోడల్‌లోకెల్లా బలమైన రకానిది. పేరు అదే అయినా ఇంజిను, గేర్లు, క్యాబిన్ మారితే లాగే శక్తి సగానికి కూడా పడిపోవచ్చు. కాబట్టి నమ్మాల్సింది ఆ బండితో ఇచ్చిన పుస్తకాన్నీ, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీనీ.

పడవ బరువు దగ్గరా ఇదే పొరపాటు. ఉదాహరణకు ఇంజినుతో కలిపి పడవ 1,100 కిలోలు అనుకుందాం. ట్రైలర్ 350 కిలోలు. వంద లీటర్ల పెట్రోలు మరో 75. లంగరు, లైఫ్ జాకెట్లు, ఐస్‌పెట్టె, సామాన్లు కలిపి ఇంకో 75. మొత్తం 1,600 కిలోలు! పడవ బరువొక్కటే చూసుకున్నవాళ్లకు మిగతా 500 కిలోలు లెక్కలోకే రావు. అనుమానం ఉంటే రహదారుల పక్కన లారీలు తూచే కాటా దగ్గర ఒకసారి తూయించుకోవడం మేలు.

ముందుకు పదో వంతు

ఈ బరువులో సుమారు పదో వంతు ట్రైలర్ ముక్కు మీద, అంటే ట్రక్కుకు తగిలించే చోట పడాలి. 1,600 కిలోలకు 160 కిలోలన్నమాట. అది మరీ తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు ట్రక్కునే పక్కకు ఈడ్చేస్తుంది. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగు అటూ ఇటూ తిప్పడం ప్రమాదం. స్టీరింగును నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి నెమ్మదిగా కాలు తీయాలి. మరి ముక్కు మీద బరువు ఎక్కువైతే? ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

మరో సంగతి. ఈ 160 కిలోలూ ట్రక్కు మోసే బరువులోకే వస్తాయి. లోపల అయిదుగురు పెద్దవాళ్లు కూర్చుంటే ఇంకో 375 కిలోలు. అన్నీ కలిపి చీటీ మీది పరిమితి దాటకూడదు.

ఇక ట్రక్కు చట్రానికి బిగించే హిచ్, దానికి అమర్చే ఇనుప గుండు, గుండును పట్టుకునే ట్రైలర్ మూతి... వీటన్నింటి మీదా అవి ఎంత బరువు తట్టుకుంటాయో ముద్రించి ఉంటుంది. అన్నింట్లోకీ తక్కువ ఏదైతే అదే మొత్తం పరిమితి. గుండు సైజు, మూతి సైజు ఒకటే కావాలి. కాస్త చిన్న గుండు పెట్టినా పైకి సరిపోయినట్టే ఉంటుంది, గతుకు మీద ఎగిరి ఊడిపోతుంది. అందుకే కింద రెండు గొలుసులను ఇంటూ గుర్తులా అడ్డంగా తగిలిస్తారు. మూతి ఊడినా అది నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది.

వెనక నుంచి తోసే బరువు

బలమైన ఇంజిను ఉంటే లాగడం సులువే. ఎర్రదీపం దగ్గర ఆపడమే కష్టం. ట్రక్కు ఆగినా వెనకున్న టన్నున్నర బరువు ఆగదు, తోస్తూనే ఉంటుంది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు ఒక బరువు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలంటాయి. ఆ పరిమితి రాష్ట్రానికో రకంగా ఉంటుంది. పడవ ట్రైలర్లు నీళ్లలో మునుగుతాయి కాబట్టి వాటికి ఎక్కువగా 'సర్జ్' బ్రేకులు వాడతారు. ట్రక్కు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు నెట్టుకొస్తుంది కదా, ఆ నెట్టుడే ద్రవాన్ని ఒత్తి బ్రేకులు వేయిస్తుంది!

బరువు లాగుతున్నప్పుడు గేరుబాక్సు బాగా వేడెక్కుతుంది. లోపలి నూనె కాగిపోతే దాని ఆయుష్షు తగ్గుతుంది. తరచూ పడవ లాగేవాళ్లు నూనెను చల్లబరిచే కూలర్ పెట్టిస్తారు, 'టో-హాల్' మీట ఉంటే తప్పక వాడతారు.

నీటి అంచున...

అసలు పరీక్ష పడవను నీళ్లలోకి దించే వాలు దగ్గర. వెనక్కి నడిపేటప్పుడు ట్రక్కు ఒకవైపు తిరిగితే ట్రైలర్ మరోవైపు తిరుగుతుంది. దీనికో చిట్కా ఉంది. స్టీరింగును అడుగు భాగంలో పట్టుకోవాలి. ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరిపితే చాలు. ఖాళీ మైదానంలో నాలుగు ఆదివారాలు సాధన చేస్తే అలవాటైపోతుంది.

దూరం నుంచి రాగానే నీళ్లలోకి దించేయడమూ తప్పే. తిరిగి తిరిగి వేడెక్కిన చక్రాల ఇరుసు ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. గ్రీజు పాడవుతుంది, బేరింగు తుప్పుపడుతుంది. ఆ దెబ్బ ఆరోజు తెలియదు. తర్వాతెప్పుడో, రహదారి మధ్యలో తెలుస్తుంది.

హార్వే వేళ లూసియానా ట్రక్కులు పిలుపు అందగానే కదలగలిగాయంటే కారణం ఇదే. ఏటా చేపల వేటకు వెళ్లే అలవాటు వాటిని ఎప్పుడూ సిద్ధంగా ఉంచింది. సరదా కోసం పట్టిన గ్రీజు, సరదా కోసం సరిచూసిన గొలుసులే ఎవరి ప్రాణానికో ఆసరా అయ్యాయి.

బయల్దేరే ముందు ఒక్కసారి...

* ట్రైలర్ టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పక్కలు పగుళ్లిచ్చిన టైరును అరుగుదల లేకపోయినా మార్చాలి. స్టెప్నీ తప్పనిసరి.
* బ్రేకు లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయా? ఒకరు లోపల కూర్చుంటే మరొకరు వెనక నిలబడి చూడాలి.
* పడవను ముందూ వెనకా పట్టీలతో ట్రైలర్‌కు బిగించాలి. కొంతదూరం వెళ్లాక ఆపి మళ్లీ చూడాలి.
* నీళ్లలోకి దించేముందు పడవ అడుగున ఉన్న బిరడా బిగించడం మరవొద్దు. లేదంటే పడవ అక్కడే మునుగుతుంది!