నుదురు చల్లగా ఉందని ధీమా పడొద్దు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆ ఎండలో మామిడి కోతకో, వేసవి దుక్కికో, చేలోకి ఎరువు తోలడానికో పోయిన మనిషి గట్టు మీద కూలబడితే పక్కవాళ్లు మొదట చేసే పని నుదుటి మీద చెయ్యి వేసి చూడటం. "చల్లగానే ఉందిలే, కాసేపు పడుకుంటే అదే సర్దుకుంటుంది" అని చెట్టు కింద వదిలి పనిలోకి పోతారు. సాయంత్రం లేపితే లేవడు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి దాదాపు రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండన పడి పనిచేసుకునేవాళ్లు, ముసలివాళ్లే వారిలో ఎక్కువ. నుదుటి మీద వేసిన చెయ్యి ఎందుకు మోసపోతుందో తెలుసుకోవడం ప్రతి రైతుకూ అవసరం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే థర్మామీటరు లెక్కలో 98.6. పైచర్మం అంత వేడిగా ఉండదు. నీడపట్టున కూర్చున్నవాడి ముఖం 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉంటుంది. అదీ ముఖమంతా ఒకే తీరుగా ఉండదు. ముక్కు పక్కన కంటి కొలికి వెచ్చగా ఉంటుంది, ముక్కు కొన, చెవి తమ్మెలు తొందరగా చల్లబడతాయి.

పార పట్టినా, నాగలి పట్టినా కండరాల్లో వేడి పుడుతుంది. రక్తం ఆ వేడిని చర్మానికి మోసుకొస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు చర్మానికి నిమిషానికి అర లీటరు రక్తం కూడా రాదు. బాగా వేడెక్కినప్పుడు ఇది ఆరేడు లీటర్ల దాకా పెరుగుతుంది. ముఖం జేవురించేది అందుకే. అయితే చర్మం కన్నా గాలి చల్లగా ఉంటేనే ఆ వేడి బయటికి పోతుంది. గాలి 35 డిగ్రీలు దాటాక వేడి బయటినుంచే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే.

చెమట ఆరితేనే చలవ

ఒక లీటరు చెమట ఒంటి మీదే ఆరిపోతే 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. పది లీటర్ల బిందెడు నీళ్లను పొగలు కక్కేలా కాచేంత వేడి అది. కానీ ఆ చెమట ఆరాలి. కారి నేలపాలైతే చలవ చెయ్యదు. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి 38 డిగ్రీలకే ఒళ్లు ఉడికిపోతుంది, చెమట ధారగా కారినా ఆరదు. రెంటచింతల, రామగుండం వైపు గాలి పొడిగా ఉండి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. అక్కడి చిక్కు వేరు. ఎంత నీరు పోయిందో మనిషికి తెలియనే తెలియదు.

ఇది మన పైర్లలో చూసే సంగతే. నీరందిన ఆకును మిట్టమధ్యాహ్నం పట్టుకుంటే చల్లగా తగులుతుంది. బెట్టకొచ్చిన చేలో ఆకు వేడెక్కి ముడుచుకుంటుంది. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్ల తోలు, అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. ఈ విషయంలో మనకన్నా గేదే తెలివైనది.

ఇప్పుడు నుదుటి దగ్గరికి వద్దాం. నుదుటి మీద చెమట గ్రంథులు ఎక్కువ. చెమట ఆరుతున్నంతసేపూ అక్కడ చర్మం చల్లగా తగులుతుంది. లోపల మాత్రం 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. 2020లో కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి చూసిన తుపాకీ లాంటి థర్మామీటర్లదీ ఇదే తంతు. అవి చర్మం పైవేడినే కొలుస్తాయి. ఎండలోంచి వచ్చినవాడికి ఎక్కువ చూపుతాయి, చెమట పట్టినవాడికి తక్కువ చూపుతాయి. పాదరసం థర్మామీటరును చంకలో పెడితే కొంత నయం, కానీ అదీ లోపలి వేడి కన్నా తక్కువే చూపుతుంది. ఇంకో మాట. వేసవిలో రేకుల ఇంట్లో ఉంచిన థర్మామీటరులో పాదరసం ముందే ఎక్కి ఉంటుంది. చల్లటి నీళ్లలో ముంచి, విదిలించి, దించాకే పెట్టాలి.

ముఖం కడిగితే చాలదు

ఎండలో చన్నీళ్లతో ముఖం కడుక్కుంటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ముఖం మీది నరాలు మెదడుకు "చల్లబడింది" అని కబురు చెబుతాయి. ఒంటి లోపలి వేడి మాత్రం పెద్దగా తగ్గదు. ఆ హాయిని నమ్మి మరో రెండు గంటలు పని లాగించేవాళ్లే ప్రమాదంలో పడతారు. ముఖంతోపాటు మెడ, ఛాతీ, చేతులు తడపాలి. తడిపిన తుండుగుడ్డ కప్పుకుని గాలి తగిలేలా నీడలో కూర్చోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో గ్లాసెడు నీళ్లు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగో అంబలో తాగాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే నష్టం లేదు గానీ, ఆ ఉల్లిపాయను అంబలిలో నంజుకుంటే ఎక్కువ లాభం.

పట్నంలో ఉండి వచ్చినవాళ్లు, జబ్బు పడి లేచినవాళ్లు మొదటి రోజే పూర్తి పనికి దిగకూడదు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదట్లో చల్లపూట రెండు మూడు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

మనిషి పాలిపోయి, తల తిరిగి, వాంతి వచ్చేట్టు ఉంటే పని అప్పుడే ఆపించాలి. మాట తడబడినా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పినా, తూలినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే అనుకోవాలి. వడదెబ్బలో చెమట పట్టదని చాలామంది అనుకుంటారు. ముసలివాళ్లకు ఒళ్లు పొడిబారవచ్చు. పనిచేస్తూ పడిపోయినవాడికి మాత్రం చెమట పడుతూనే ఉండవచ్చు. కాబట్టి నుదురు చూడటం మాని, పేరు పెట్టి పిలిచి "ఇవాళ ఏ వారం రా?" అని అడిగి చూడండి.

జవాబు సరిగా రాకపోతే 108కి ఫోను చేయించి, ఈలోగా బోరు మోటారు దగ్గరికో కాలువ గట్టుకో నీడ చూసి చేర్చండి. బట్టలు వదులు చేసి బిందెలకొద్దీ నీళ్లు ఒంటి మీద పోయాలి. తల ఒక్కటే తడిపితే చాలదు. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి కండువాతో విసరాలి. జ్వరం మాత్ర వేయొద్దు, ఈ వేడికి అది పనిచేయదు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బండి వచ్చేదాకా, ఆసుపత్రికి చేరేదాకా తడపడం ఆపొద్దు. ఆటోలో తీసుకుపోవాల్సి వస్తే రెండు డబ్బాల నీళ్లు కూడా ఎక్కించుకోండి.